పులులు, మేకలు, లెమింగులు

పిల్లలు ఆటల్లో పడి చెడిపోతున్నారన్న మాట ఏ తరంలోనైనా వినబడేదే. గోలీలు ఆడితే చదువు రాదన్నారు. చిర్రగోనె ఆడితే కళ్ళు పోతాయన్నారు. పేకముక్క ముట్టుకుంటే కొంప మునుగుతుందన్నారు. వీటిలో ఆ చివరిది మాత్రం చాలా ఇళ్ళలో అక్షరాలా నిజమైంది. ఇప్పుడా కోపమంతా చేతిలోని ఫోను మీదికి మళ్ళింది. మన బగ్దల్‌లో ఏ అరుగు మీద ఇద్దరు పెద్దలు కలుసుకున్నా, వానల సంగతి, కందిపంట ధర సంగతి అయిన తరువాత మూడో ముచ్చట ఇదే.

కోపం న్యాయమైనదే గాని, ఆట అన్న ఒక్క పేరు పెట్టి అన్నిటినీ ఒకే మూటలో కట్టివేయడం న్యాయం కాదు. మందు, విషం ఒకే రంగు సీసాలో ఉండవచ్చు. చీటీ చదివి గదా తీసుకోవాలి. అందుచేత ఈ మాసం ఒక పాత కంప్యూటరు ఆటను తీసుకుని, అది మన ఇంటి ఆటలకు ఏమవుతుందో చుట్టరికం కలిపి చూద్దామనుకుంటున్నాను. ఆ ఆట పేరు లెమింగ్స్. ముప్ఫయి అయిదేళ్ళ నాటిది. ఒకప్పుడు దాన్ని ఆడిన కుర్రవాళ్ళే ఇప్పుడు తండ్రులై, కణతల దగ్గర నెరసిన జుట్టుతో, మళ్ళీ వెతికి తెచ్చుకుని ఆడుకుంటున్నారు.

ముందు అది పుట్టిన ఊరి సంగతి. స్కాట్లండు దేశంలో డండీ అనే రేవు పట్టణం ఉన్నది. ఆ ఊరికీ మనకూ చాలామందికి తెలియని బంధుత్వమొకటి కద్దు. బెంగాలులో పండిన జనపనార ఓడలెక్కి డండీకి పోయి, అక్కడి మిల్లుల్లో గోనెగుడ్డగా మారేది. పందొమ్మిదో శతాబ్దంలో ఆ ఊరికి అన్నం పెట్టింది జనపనారే. ఆ తరువాత కలకత్తా దగ్గర హుగ్లీ తీరాన మిల్లులు లేచాయి. ఆ మిల్లుల్లో పనికి గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి మన తెలుగువాళ్ళు వేలమంది పోయి, అక్కడే స్థిరపడి, పిల్లలకు బెంగాలీ బడిలోనూ, ఇంట్లో తెలుగులోనూ చెప్పుకుంటూ బ్రతికారు. నెల్లిమర్లలో, చిట్టివలసలో మన నేల మీదనే జనపనార మిల్లులు వెలిశాయి. కలకత్తా మిల్లులు పెరిగినకొద్దీ డండీ మిల్లులు తగ్గిపోయాయి. అక్కడి జనం వేరే పనులు వెతుక్కున్నారు. వాటిలో ఒకటి టైమెక్స్ గడియారాల ఫ్యాక్టరీ. 1980ల్లో ఆ ఫ్యాక్టరీలోనే సింక్లెయిర్ స్పెక్ట్రమ్ అనే చిన్న కంప్యూటర్లు తయారయ్యేవి. ఊరి కుర్రవాళ్ళకు అవి అందుబాటులోకి వచ్చాయి. నార వడికిన చేతుల మనుమలు కంప్యూటరు మీటలు నొక్కడం నేర్చుకున్నారు.

అలా నేర్చుకున్నవారిలో డేవిడ్ జోన్స్ అనే ఆయన డీఎంఏ డిజైన్ అనే చిన్న సంస్థ పెట్టాడు. 1989లో అక్కడ పనిచేసే మైక్ డెయిలీ, అడ్డం ఎనిమిది చుక్కలు, నిలువు ఎనిమిది చుక్కలు గల గడిలో నడిచే మనిషిని గీసి చూపించవచ్చునని పందెం మీద గీశాడు. మన ఇళ్ళ ముందు ముగ్గు వేసే ఆడవాళ్ళకు ఎనిమిది చుక్కల్లో ఎంత ఇమడ్చవచ్చునో వేరే చెప్పనక్కరలేదు! ఆ బుల్లి మనుషులు బారులు తీరి నడిచిపోవడం చూసి, ఇందులో ఒక ఆట దాగి ఉన్నదని పట్టుకున్నవాడు తోటి ఉద్యోగి రస్సెల్ కే. 1991 ఫిబ్రవరి 14న, అమీగా అనే కంప్యూటరు మీద, సిగ్నోసిస్ అనే ప్రచురణ సంస్థ ద్వారా ఆ ఆట లోకంలోకి వచ్చింది.

ఆట తీరు చెబుతాను. పైనుంచి ఒక తలుపు తెరుచుకుంటుంది. అందులోంచి పచ్చజుట్టు, నీలం అంగీ గల బుడ్డ ప్రాణులు ఒకదాని వెనుక ఒకటి కిందికి దిగుతాయి. ఒక్కొక్కప్పుడు నూరు దాకా ఉంటాయి. దిగీ దిగగానే నడక మొదలు. ఆగడం తెలియదు, చూడడం తెలియదు. గోడ తగిలితే వెనక్కు తిరుగుతాయి. లోయ వస్తే పడి చస్తాయి. నీళ్ళు వస్తే మునుగుతాయి. ఎక్కడో దూరాన ఇల్లు చేరే ద్వారమున్నది. గడువు లోపల, నిర్ణయించినంత మందిని ఆ ద్వారం దాటించాలి. వాటిని మనం చేత్తో పట్టి నడిపించలేము. వాటికి పనులు మాత్రం ఒప్పజెప్పగలము. పనులు ఎనిమిది: గోడ ఎక్కడం, గొడుగు పట్టి మెల్లగా దిగడం, అడ్డు నిలబడడం, మెట్లు కట్టడం, ఎదుటి గోడ తొలవడం, ఏటవాలుగా తవ్వడం, నిట్టనిలువుగా తవ్వడం, చివరిది పేలిపోవడం. ఏ పనికి ఎంతమందిని పెట్టవచ్చునో కూడా లెక్కే. మెట్లు కట్టేవాడు పన్నెండు ఇటుకలు పేర్చి, ఇక లేవన్నట్టు భుజాలెగరేస్తాడు. ఆ క్షణంలో మళ్ళీ పని చెప్పకపోతే, కట్టిన మెట్ల చివరినుంచి తానే కింద పడతాడు. ఇటువంటి చిక్కులు 120. ముప్ఫయ్యేసి చొప్పున నాలుగు తరగతులు: సరదా మొదలుకొని కల్లోలం దాకా.

ఇక్కడ ఒక అబద్ధం సంగతి చెప్పకుండా ముందుకు పోవడం ధర్మం కాదు. లెమింగ్ అనేది నిజంగానే ఉన్న జంతువు. ఉత్తర ధ్రువం వైపు మంచు ప్రదేశాలలో ఉండే ఎలుక జాతి. ఇవి గుంపులు గుంపులుగా పోయి కొండ అంచునుంచి దూకి ఆత్మహత్య చేసుకుంటాయని లోకంలో ఒక నమ్మిక. ఆ నమ్మికను బలపరిచినది 1958లో వచ్చిన డిస్నీ వారి వైట్ వైల్డర్‌నెస్ అనే చిత్రం. దానికి ఆస్కారు బహుమతి కూడా వచ్చింది. తీరా 1982లో కెనడా టెలివిజన్ వారు కూపీ లాగితే తేలినదేమిటంటే, లెమింగులు లేని ప్రాంతానికి వాటిని కొని తెచ్చి, కెమెరా ముందు మనుషులే అంచునుంచి తోశారట! పాపం, ఆ మూగజీవాలకు చావాలన్న కోరిక ఏమీ లేదు. సంఖ్య పెరిగినప్పుడు తిండి కోసం వలస పోతాయి. దారిలో నీళ్ళు అడ్డువస్తే ఈదబోయి కొన్ని మునుగుతాయి. వలస పోయేవాళ్ళను గురించి ఇంటి దగ్గర కూర్చున్నవాళ్ళు కథలు అల్లడం మనుషుల విషయంలోనూ ఉన్నదే గదా.

మా మేనల్లుడొకడు 1990ల చివర హైదరాబాదు అమీర్‌పేటలో కంప్యూటరు నేర్చుకుని, అక్కడినుంచి అమెరికా వెళ్ళినవాడు. మొన్న సెలవులకు బగ్దల్ వచ్చి నాలుగు రోజులున్నాడు. అమీర్‌పేట గదిలో ఎవరి కంప్యూటరులోనో రాత్రుళ్ళు ఆడిన ఈ ఆటను తన చిన్న కంప్యూటరులో పెట్టుకుని తెచ్చాడు. ఒక మధ్యాహ్నం ఎనిమిదేళ్ళ కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని ఆడుతుంటే మా అమ్మ వచ్చి వెనుక నిలబడింది. ఆమెకు ఎనభై దాటాయి. కాసేపు చూసి ఊరుకోలేకపోయింది.

"ఏందిరా, గా పోరగాండ్లు అట్లనే పోతున్నరు? ముందట గడ్డ ఉంది, పడతరు. ఆపు!"

"ఆపుతున్న అమ్మమ్మా. ఇగో, వీన్ని అడ్డం నిలవెట్టిన. ఇప్పుడు అందరు వెనక్కి మళ్ళుతరు."

"బతికిచ్చినవు. మరి మెట్లు కట్టి అందరిని అవతలికి తోలినంక, నిలవడ్డోడు ఎట్ల పోతడు?"

"వాడు పోడు అమ్మమ్మా. నిలవడితె కదలడు. లాస్టుకు వాన్ని పేల్చెయ్యాలె. ఒక్కడు పోతె ఏం కాదు, లెక్క సరిపోతది."

మా అమ్మ ముఖం చూడాలి. "అందర్ని ఆపి బతికిచ్చినోన్నే సంపుతవురా? మీ పెద్దమామ గట్లనే నిలవడకుంటె నువ్వు యాడికెళ్ళి పోతుంటివి?"

మా అన్న వాకిట్లో జొన్నల బస్తా కుడుతున్నాడు. అక్కడినుంచే నవ్వుతూ అన్నాడు: "నేనింక పేలలేదు గదనే అమ్మా!"

అందరం నవ్వాము. కాని మేనల్లుడు మాత్రం ఆటను ఆపి ఆలోచనలో పడ్డాడు. వాడి చదువుకు నెలనెలా డబ్బు పంపినది మా అన్నే. మా తరంలో నలుగురం నాలుగు దిక్కులకు పోతే, ఇల్లు, పొలం, అమ్మను చూసుకుంటూ అడ్డం నిలబడినవాడు ఆయన ఒక్కడే. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ఒకరితో ఒకరం ఎన్నడూ అనుకున్నది మాత్రం లేదు. ప్రతి కుటుంబంలోనూ ఇటువంటివాడు ఒకడుంటాడు. ఊరు విడిచి వచ్చి పరాయి చోట స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో మరీనీ.

తరువాత జరిగినది చెబుతాను. ఈ ఆటలో అడ్డు నిలిచినవాడిని విడిపించే ఉపాయమొకటి ఉన్నది. వాడి కాళ్ళ కింది నేలను పక్కవాడి చేత తవ్విస్తే, నిలబడడానికి చోటు లేక వాడు కిందికి జారి మళ్ళీ నడక సాగిస్తాడు. అయితే తవ్వేవాడిని సరిగ్గా ఆనుకునే చోట పెట్టాలి; కింద పడినా చావనంత ఎత్తు ఉండాలి; వాడు తిరిగి దారిన పడేటట్టు మెట్లు మిగల్చుకోవాలి. గెలవడానికి ఇదంతా అక్కరలేదు. ఆట అడిగిన లెక్క అంతకు ముందే తీరిపోయింది. అయినా మేనల్లుడు ఆ సాయంత్రం దాకా కూర్చుని, ఆరేడుసార్లు చెడిపోయి, చివరికి అందరితోపాటు వాడినీ ద్వారం దాటించాడు. మా అమ్మ "ఇప్పుడు సక్కగుంది" అని లేచి దీపం పెట్టబోయింది.

నాకు అంతకంటె ఆశ్చర్యం కలిగించినది ఆ పసిపిల్ల. ఇంగ్లీషు తప్ప నోట పలకని పిల్ల, ముత్తవ్వ కేకలు వింటూ, "ఎక్కు, దిగు, తవ్వు, నిలవడు, మెట్లు కట్టు" అని తానూ అరవడం మొదలుపెట్టింది. ఎనిమిది పనులకు ఎనిమిది తెలుగు క్రియలు ఒక్క పూటలో వచ్చాయి. పుస్తకం పెట్టి కూర్చోబెడితే నెల పట్టేది. మాట మెదడుకు అంటేది అవసరంలో. ఆట ఆ అవసరాన్ని కల్పించింది.

ఇప్పుడు మన ఇంటి ఆటల దగ్గరికి వద్దాం. పులిజూదం తెలియని ఇల్లు మా చిన్నతనంలో ఉండేది కాదు. షాబాదు బండ మీద బొగ్గుతో త్రికోణం గీసి, అడ్డగీతలు లాగితే ఇరవైమూడు కూడళ్ళు వస్తాయి. ఒకరికి మూడు పులులు, రెండోవారికి పదిహేను మేకలు. మేకలను ఒక్కొక్కటిగా దించాలి. అన్నీ దిగేదాకా ఏదీ కదలరాదు. పులి మేక మీదుగా దూకి అవతలి ఖాళీలో పడితే మేక పోయినట్టే. మేకలకు కోరలు లేవు; వాటికున్న బలమల్లా ఒకదాని వెనుక ఒకటి నిలబడి ఖాళీ లేకుండా చేయడమే. పులులు కదలలేకపోతే మేకలు గెలిచినట్టు. చూడండి, ఇదీ అడ్డు నిలబడే ఆటే! బలహీనులైనా ఒకరి వెన్ను ఒకరు కాస్తే బలవంతుణ్ణి కట్టిపడేయవచ్చునన్న నీతిని ఏ పంతులూ చెప్పకుండా ఆ గీతలే చెప్పేవి. ఇటువంటి ఆటల గీతలు హంపీలో రాతి అరుగుల మీద నేటికిన్నీ కనబడతాయి. ఎవరెవరు కూర్చుని ఆడారో గాని, కాలక్షేపం చేయాలన్న కోరిక రాజ్యాలకంటె గట్టిది.

వామనగుంటలు మరొకటి. రెండు వరుసలు, వరుసకు ఏడు గుంటలు, చింతపిక్కలు. ఈ గుంటలోది తీసి పంచితే చివరి పిక్క ఎక్కడ పడుతుందో ముందుగానే మనసులో లెక్కగట్టగల అవ్వలు అక్షరం ముక్క రానివాళ్ళు. లెమింగ్స్‌లోనూ కావలసినది ఆ గుణమే: ఇప్పుడు నేను చేసినదానికి పది అడుగుల తరువాత ఏమవుతుంది? చదరంగంలోనూ అదే. 2024 డిసెంబరులో సింగపూరులో పదునెనిమిదేళ్ళ వయసుకే చదరంగంలో ప్రపంచ విజేత అయిన గుకేశ్, మద్రాసులో స్థిరపడిన తెలుగు కుటుంబపు బిడ్డ. అదే నెలలో మన కోనేరు హంపి మెరుపువేగపు చదరంగంలో రెండోసారి ప్రపంచ విజేత అయింది. వాళ్ళ తలిదండ్రులు కూడా ఆటలాడితే చెడిపోతారని బల్ల ఎత్తి అటక మీద పెట్టి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

ఇక విషపు సీసా సంగతి. ఆటకూ జూదానికీ భేదం తెలియక చెడినవాళ్ళ కథలు మనకు కొత్త కావు. ధర్మరాజు అంతటివాడు పాచికల ముందు కూర్చుని రాజ్యం, తమ్ములు, ఆలి దాకా ఒడ్డాడు. నలుడు కట్టుబట్టతో అడవికి పోయాడు. ఇప్పుడు ఆ పాచికలే ఫోనులోకి వచ్చాయి. మొదట వంద రూపాయలు ఊరికే ఇస్తామంటారు. గెలిపిస్తారు. ఆ తరువాత సంగతి ఇళ్ళు అమ్ముకున్నవారిని అడగాలి. నాకు తెలిసిన ఒక ఇంట్లో చెల్లెలి పెళ్ళికని దాచిన సొమ్ము, అన్న గారి ఫోనులో మూడు నెలల్లో ఆవిరైంది. తండ్రికి తెలిసేటప్పటికి ముహూర్తం పెట్టి ఉన్నారు. పెళ్ళి ఆగలేదు గాని, ఆ అన్నాతండ్రుల మధ్య మాట ఇప్పటికీ సరిగ్గా కలవలేదు.

ప్రభుత్వాలు దీని మీద చాలా కుస్తీ పట్టాయి. తెలంగాణ 2017లోనూ, ఆంధ్ర ప్రదేశ్ 2020లోనూ డబ్బు పెట్టి ఆడే ఇటువంటి ఆటలను నిషేధించాయి. మన కర్ణాటకలో 2021లో తెచ్చిన నిషేధాన్ని 2022 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేసింది. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. నేర్పు ఉన్నదా, అదృష్టమా అన్న వాదంతో పనిలేకుండా, డబ్బు ఒడ్డి ఆడించే ఆటలన్నిటినీ అది నిషేధించింది. డబ్బు లేని వినోదపు ఆటలను వేరుగా గుర్తించింది. చట్టం గీసిన గీత మన అవ్వలు ఎప్పుడో గీసినదే. చింతపిక్కలు పోతే ఏడవనక్కరలేదు, రేపు మళ్ళీ ఏరుకుంటాము.

అయితే చట్టం ఇంటి గడప దాకానే వస్తుంది. గడప లోపల చూసుకోవలసింది మనమే. ఏ ఆట మంచిది, ఏది కాదు అని అడిగే తల్లులకు నాకు తోచిన నాలుగు గుర్తులు మనవి చేస్తాను. మొదటిది, ఆటలో డబ్బు అడుగుతున్నదా? అడిగితే మారు మాట లేకుండా తీసివేయండి. రెండవది, ఆటకు ముగింపు ఉన్నదా? లెమింగ్స్‌లో ఒక చిక్కు విడిపోతే లేచిపోవచ్చు. పులిజూదంలో పులి చిక్కితే బల్ల ఎత్తవచ్చు. ఎన్నటికీ అయిపోని ఆట ఆట కాదు, గానుగ. మూడవది, చేయి ఆపి ఆలోచించవలసిన క్షణం అందులో ఉన్నదా? మీరు పిల్లవాడిని చూస్తూ కూర్చుంటే తెలుస్తుంది: వేలు కదలక కళ్ళు మాత్రం కదులుతుంటే వాడు ఆలోచిస్తున్నాడన్న మాట. నాలుగవది అన్నిటికంటె ముఖ్యం. పక్కన కూర్చున్నవాళ్ళకు అందులో మాట్లాడే చోటు ఉన్నదా?

ఈ నాలుగోదాన్ని గురించి రెండు మాటలు. బీదరు జిల్లా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. ఆ నవంబరు ఒకటిన గీతలు మారి, జహీరాబాదు, నారాయణఖేడు వైపు మెదకు జిల్లాలో కలిశాయి. మనం మైసూరు రాష్ట్రంలోకి వచ్చాము. మన పిల్లలకు బడిలో కన్నడం, బజారులో దక్కనీ, ఉద్యోగానికి ఇంగ్లీషు. అన్నీ కావలసినవే, ఏ ఒక్కదాని మీదా మనకు అలక లేదు. తెలుగుకు మిగిలినది వంటింటి గడప, అవ్వ మంచం, పండుగ పూట ముచ్చట, అంతే. పిల్లవాడు ఒక మూల ఫోను పట్టుకుని, అవ్వ ఇంకో మూల గోడకేసి చూస్తూ కూర్చుంటే ఆ మిగిలిన చోటూ పోతుంది. అదే ఆట ఇద్దరి మధ్య ఉంటే, అది రాతి బండ మీదిదైనా, గాజు పలక మీదిదైనా, "అటు కాదురా, ఇటు" అన్న మాటతో తెలుగు ఇంకో తరానికి నడుస్తుంది.

కాబట్టి నా కోరిక ఇంతే. ఈ సెలవుల్లో పిల్లల చేతి ఆట లాక్కోకుండా, ఒక్క గంట పక్కన కూర్చుని చూడండి. తోచిన సలహా చెప్పండి. వాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. ఆ మరుసటి పూట మీరు బండ మీద ఇరవైమూడు కూడళ్ళు గీసి వాళ్ళను పిలవండి. పులులు వాళ్ళకిచ్చి మేకలు మీరు తీసుకోండి. మీ ఇళ్ళలో పులిజూదానికి, వామనగుంటలకు, అష్టా చెమ్మాకు మీ అవ్వలు చెప్పిన నియమాలు, ఎత్తులు వేసేటప్పుడు అనే మాటలు ఒక కార్డు మీద రాసి ఈ శీర్షికకు పంపండి. ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క తీరు ఉంటుంది గనుక, వచ్చినవన్నీ వరుసగా వేసుకుందాం.

మా అన్నకు పులిజూదంలో ఎప్పుడూ మేకలే ఇష్టం. ఆయన నియమాలతోనే మొదలుపెడతాను.